ఆగమ్మా, కుక్కని కట్టేస్తాను!

పొద్దున్నే చేపలమ్మ వీధిలోకి వచ్చింది. నెత్తిన చేపల బుట్ట ఉంది. ఒక ఇంటి గేటు తీసి లోపలికి అడుగు వేసింది. అరుగు పక్కన పడుకున్న కుక్క లేచింది. మొరుగుతూ మీదికి వచ్చింది. చేపలమ్మ కెవ్వుమంది. వెనక్కి పరుగు తీసింది. బుట్ట జారిపోయింది. చేపలు మట్టి పాలయ్యాయి.

ఇంటావిడ బయటికి వచ్చింది.

"భయపడకమ్మా! మా కుక్క ఏం చెయ్యదు" అంది నవ్వుతూ.

"ఏం చెయ్యదని మీకు తెలుసండి. నాకెలా తెలుస్తుందండి?" అంది చేపలమ్మ. ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు బేరం పోయింది.

ఇలాంటి గొడవ ఏ ఊళ్ళో అయినా జరుగుతుంది. చేపలమ్మ అన్న మాటలో నిజం ఉంది. మన కుక్క గుణం మనకి తెలుసు. కొత్తవాళ్ళకి తెలియదు. కొందరిని చిన్నప్పుడు కుక్క కరిచి ఉంటుంది. వాళ్ళ భయం అంత తేలికగా పోదు. మొరిగే కుక్క కరవదని సామెత. ఆ సామెతని నమ్ముకుని ఎవరూ గుమ్మం ఎక్కరు.

మరి కుక్కని పెంచేవాళ్ళు ఏం చెయ్యాలి?

పోస్టుమాను, ఆశా కార్యకర్త, కూరలమ్మేవాళ్ళు వచ్చే వేళకి కుక్కని కట్టెయ్యాలి. అలాగని రోజంతా గొలుసుతో కట్టి ఉంచకూడదు. అప్పుడు దానికి కోపం పెరుగుతుంది. పిల్లలు పెట్టిన కుక్క దగ్గరికి ఎవరినీ పోనివ్వకూడదు.

వచ్చినవాళ్ళు భయపడితే నవ్వకూడదు. "పరుగెత్తకండి, అక్కడే నిలబడండి" అని చెప్పాలి. పరుగెత్తితే కుక్క వెంటపడుతుంది. వాళ్ళు రాయి తీసినా మనం తిట్లకి దిగకూడదు. ముందు కుక్కని పట్టుకోవాలి. తర్వాత మాట్లాడుకోవాలి. "మా కుక్కని కొట్టకండి, నేను కట్టేస్తాను" అంటే చాలు. ఊరికే కుక్కని హింసించడం కూడా తప్పే. దానికి 1960 నాటి చట్టం ఉంది.

కుక్కకి మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించాలి. తర్వాత ఏటేటా వేయించాలి. జూలై 6న పశువుల ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఆ తేదీకి ఒక కథ ఉంది. 1885 జూలై 6న ఫ్రాన్స్ దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త, పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు.

ఒకవేళ మన కుక్క ఎవరినైనా కరిస్తే దాచకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పుయ్యకూడదు. మంత్రాలు నమ్ముకుని కూర్చోకూడదు. వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ సూది మందు ఉచితం. పూర్వం బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి. మన కుక్కకి టీకా వేయించామని కరిపించుకున్నవాళ్ళు ఊరుకోకూడదు. రేబీస్ ముదిరితే మనిషి బతకడం దాదాపు ఉండదు.

కరిచిన కుక్కని చంపకూడదు. 10 రోజులు కట్టి ఉంచి, దాని తీరు గమనించాలి. సూదులు మాత్రం ఆ 10 రోజులూ ఆపకూడదు.

పెంపుడు కుక్క విషయంలో అజాగ్రత్తగా ఉండి, మనుషులకి ప్రమాదం తెస్తే అది నేరం. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. అందులో 291వ సెక్షన్ ప్రకారం 6 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

చట్టం దాకా ఎందుకు? మట్టిలో పడిన చేపలకి డబ్బు ఇచ్చెయ్యడం ఇంటావిడ ధర్మం. కూలి పోతే ఆ పూట చేపలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

కుక్క మన ఇంటికి కాపలా. దానికి కాపలా మనమే. ఇంకోసారి గేటు చప్పుడైతే "ఏం చెయ్యదులే" అనవద్దు. "ఆగమ్మా, కట్టేస్తాను" అనండి. వచ్చిన మనిషికీ మంచిది. కుక్కకీ మంచిది.