వనితల పాదరక్షలు

శిరస్సునకు పువ్వులు, చెవులకు కమ్మలు, కంఠమునకు హారములు, చేతులకు గాజులు, కాళ్లకు మట్టెలు, అందెలు - వీనిని గూర్చి మన యిండ్లలో దినదినమును ముచ్చట జరుగుచునే యుండును. కాని యా యందెలు పెట్టిన పాదము దేనిపై నడచుచున్నదో విచారించువా రరుదు. పట్టుచీర కొనుటకు నాలుగు దుకాణములు తిరుగు గృహిణి, చెప్పులు కొనునపుడు మాత్రము కంటికి మెరసినదానిని చేతబుచ్చుకొని వచ్చును. పిదప మడమ నొప్పియనియు, వ్రేలు ఒరసికొన్నదనియు నేడాది పొడుగున బాధపడును. పెద్దలలో కొందరు "ఆడదానికి బూట్లేల?" యని నేటికిని ప్రశ్నించుచునే యున్నారు. ఆ ప్రశ్నకు సమాధానము మన గ్రంథములయందును, మన ఓరుగంటి సీమలోని శిల్పములయందును గలదు.

మహాభారతమున ఆనుశాసనిక పర్వమందు ఒక కథ యున్నది. గొడుగును, పాదరక్షలును దానమిచ్చు నాచార మెట్లు కలిగినదని ధర్మరా జడుగగా భీష్ముడు చెప్పినది. జ్యేష్ఠమాసమున జమదగ్ని మహర్షి బాణములు వేయుచుండ, భార్యయగు రేణుక వానిని తెచ్చి యిచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నమయ్యెను. తలయు కాళ్లును మాడిపోగా నామె క్షణకాలము చెట్టునీడ నిలిచి యాలస్యముగా వచ్చెను. కారణము విని ఋషి కోపించి సూర్యునిపైననే విల్లెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున వచ్చి, ఋషిని ప్రసన్నుని జేసి, తలకు ఛత్రమును, కాళ్లకు తోలు పాదరక్షలను ఒసంగెను. సోదరీమణులారా! ఈ కథలో పాదరక్షలు పుట్టినది రాజు కొఱకు గాదు, యోధుని కొఱకు గాదు. ఎండలో పనిచేయు నొక గృహిణి కాళ్ల కొఱకు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఎండలుగల మన సీమవారికి దీని భావము వివరింప నక్కఱలేదు.

అట్లయ్యును, స్త్రీ చెప్పులు తొడిగి పెద్దల యెదుట నడచుట యవినయమను భావము చాలకాలము మన యిండ్లలో నిలిచెను. గడపలోపల పాదరక్షలు విడుచుట శుచికి సంబంధించిన మంచి యాచారము. దానిని పురుషులును పాటింతురు. కాని వీధిలో ముండ్లపైనను రాళ్లపైనను స్త్రీని వట్టికాళ్ల నడిపించుట శుచియు గాదు, వినయమును గాదు. ఈ రెంటిని వేఱుగా చూడనందువలననే యీ చిక్కు వచ్చినది.

పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, యిప్పుడు ములుగు జిల్లాలో నున్న పాలంపేట గ్రామమున రామప్ప దేవాలయము గలదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని ప్రతిష్ఠించెను. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ గుడి ద్వారముల పైకప్పు క్రింద నల్లరాతి మదనికలు వరుసగా నిలిచియున్నవి. వారిలో వేటకత్తెయని చెప్పబడు నొక యువతి పాదములను చూచితిరా? ఎత్తైన అట్టగల పాదరక్షలు! ఎనిమిదివందల యేండ్లనాటి యా శిల్పిని ఎవరును ఆక్షేపించినట్లు లేదు. నేటి బాలిక మడమ యెత్తుగల జోడు తొడిగినచో మాత్రము "ఇది పరదేశపు వేషము" అందుము.

పూర్తిగా కాలు కప్పు బూటు సయితము మన దేవతామూర్తులకు క్రొత్తగాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో సూర్యమూర్తికి ఉత్తరదేశపు వేషము ఉండవలెననియు, పాదములు మొదలు వక్షస్థలము వరకు కప్పబడి యుండవలెననియు విధించెను. కోణార్కములోని సూర్యవిగ్రహము నిడుపైన బూట్లతో నిలిచియుండుట యందువలననే. దక్షిణదేశమున సూర్యుడు వట్టికాళ్లతో కనబడును. వేషము దేశమునుబట్టి మాఱునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన రుద్రమదేవి మాట. గణపతిదేవుడు కుమార్తెను రుద్రదేవుడను పేర రాజ్యమున నిలిపెను. శాసనములలో నామె రుద్రదేవ మహారాజు. పురుషవేషమున కొలువుతీరె నని పరంపరగా చెప్పుకొనుచున్నారు. పదుమూడవ శతాబ్దము చివర మార్కో పోలో మోటుపల్లి రాజ్యము నేలు రాణి న్యాయమును కొనియాడెనే గాని వేషమును ఆక్షేపింపలేదు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289లో నామె మరణమును తెలుపుచున్నది. గుఱ్ఱమెక్కి సైన్యము నడిపిన యామె కాలికి ఏమి తొడిగెనో శాసనములు చెప్పవు. కాని రికాబులో వట్టికాలు పెట్టిన నొరపిడి యెట్లుండునో ఊహించుకొనుడు.

గత సంవత్సరము మా చెల్లెలి కుమార్తె ఇంజనీరింగు చదువుచు, పోచంపల్లి ఇక్కత్తు వస్త్రముతో మోకాలు దిగు కోటు కుట్టించుకొనెను. దానిక్రింద బిగువైన పైజామా. స్కూటరుపై కళాశాలకు పోవునది గనుక దానికి తగిన బూట్లు కావలెనని, నన్ను వెంటబెట్టుకొని వరంగల్లు, హనుమకొండ దుకాణములు తిరిగెను. స్త్రీల విభాగమున చూపినవన్నియు మెఱుపులు, బంగారు జిప్పులు, సూదిమొనల వంటి ముందుభాగములు. అట్ట వంచిచూచిన అతికినచోట విచ్చుకొనుచున్నది. పురుషుల విభాగమున గట్టివి యున్నవి గాని, "అవి మగవారివి, అమ్మా" అని దుకాణదారుడు చూపుటకే సంకోచించెను. పిల్ల నవ్వి, "పెద్దమ్మా, తోలునకు స్త్రీపురుష భేదమేమి?" అనెను. చివరకు పురుషుల జోళ్లలో నన్నింటికన్న చిన్న కొలతగల గోధుమరంగు బూట్లు దొరికినవి. లోపల పలుచని మెత్తపొర యొకటి వేయగా సరిగా కూర్చుండినవి. వీధిచివర చెప్పులు కుట్టు వృద్ధుడు అట్టచుట్టు మఱియొక వరుస దారము కుట్టి యిచ్చెను. ఇంట ముత్తవ్వ "మగరాయని వేషమేమే?" యని గదిమినది గాని, నాలుగు దినములకు తానే "వానలో కాలు తడవలేదు గదా" యని మెచ్చుకొన్నది.

ఈ యిబ్బంది ఆ పిల్ల యొక్కతెది గాదు. మన దేశమున జోళ్ల కొలతలు చిరకాలముగా పరదేశపు పాదముల ననుసరించినవే. చెన్నపట్టణములోని కేంద్ర చర్మ పరిశోధనాలయమువారు లక్షమందికి పైగా జనుల పాదములు కొలిచి, భారతీయుల పాదములు పాశ్చాత్యుల పాదములకన్న వెడల్పైనవని కనుగొనిరి. దానినిబట్టి "భ" యను పేర స్వదేశపు కొలతలను ప్రతిపాదించిన వార్త 2024లో వెలువడినది. ఇఱుకు జోటిలో బాధపడునపుడు తప్పు మన కాలిది గాదని దీనివలన తేటపడుచున్నది.

ఇక కొనునపుడు గమనింపవలసినవి. పాదము పగలంతయు నడచి సాయంకాలమునకు కొంచెము ఉబ్బును గావున సాయంకాలమే కొనవలెను. రెండు పాదములను కొలిపించి పెద్దదాని కొలత తీసికొనవలెను. తొడుగు మేజోళ్లతోనే తొడిగి చూడవలెను. నిలుచున్నపుడు అన్నిటికన్న పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి గోరంత చోటుండవలెను, వ్రేళ్లు కదలవలెను, మడమ జాఱరాదు. వెనుకభాగమును బొటనవ్రేలితో నొక్కిన అణగిపోరాదు. అట్ట వ్రేళ్లు మడచుచోట వంగవలెను గాని నడిమికి విఱుగరాదు. అట్టచుట్టు కుట్టు కనబడుట మేలు. వట్టి జిగురు మన వానలకు నిలువదు. మడమ యెత్తు అంగుళమునకు, అంగుళమున్నరకు మించకున్న నడుమునకు సుఖము. మధుమేహము గలవారు తొడుగుటకు ముందు ప్రతిదినమును లోపల చేయిపెట్టి చూడవలెను. స్పర్శ తగ్గిన పాదమునకు లోపలి రాయి తెలియదు. చిన్న పుండే పెద్ద ముప్పగును.

వేషమునకు పొత్తుగూర్చుట కష్టముగాదు. వస్త్రమున రంగులు, బొమ్మలు మెండుగా నున్నపుడు బూట్లు సాదాగా నుండవలెను. నీలి ఇక్కత్తునకు గోధుమరంగు, ఎఱుపు నలుపుల నేతకు నలుపు ఒప్పును. బిగువు పైజామాకు పొడుగు బూట్లు చెల్లును. కుచ్చిళ్లుగల పావడాకును చీరకును చీలమండ దగ్గఱ ముగియు పొట్టి బూట్లే తగినవి. చీరపై తొడుగువారు అంచును రెండు వ్రేళ్ల మేర పైకి కట్టుకొన్నచో మడమక్రింద చిక్కి పడిపోవు భయముండదు.

క్రొత్త బూట్లను మొదట ఇంటిలో సాయంకాలము గడియసేపు తొడిగి మెత్తబఱుపవలెను. తడిసినచో పాత పత్రికలు లోపల కుక్కి నీడనే యారబెట్టవలెను. ఎండలోను, పొయ్యి దగ్గఱను పెట్టిన తోలు పగులును. తోలు బిఱుసెక్కినపుడు గుడ్డతో ఆముదము కొంచెము రుద్దవలెను. ఒకేజోడును దినదినము తొడుగక, నడుమ నొకదినము గాలికి వదలిన చిరకాలము మన్నును.

ఈ సందర్భమున జోడు కుట్టినవారిని మఱువరాదు. లందలో తంగేడు చెక్కతో తోలు నూనబెట్టి కిఱ్ఱుచెప్పులు కుట్టి యూరివారి కాళ్లను కాపాడినవారిని, అవే చెప్పులు తొడిగి ఊరిలో నడువనీయని దినములుండెను. చెప్పులు చేతబట్టుకొని పెద్దలవీధి దాటిన వారి యవమానమును, ఇంటి స్త్రీకి జోడు కూడదన్న మాటయును ఒకే మూలమునుండి పుట్టినవి. కావున వీధిచివర కూర్చుండి కుట్టువానిని "నీవు" అనక "మీరు" అని పిలిచి, బేరమాడక కూలి యిచ్చుట మన విధి.

సోదరీమణులారా! ఈ మాసమున మీ యింటి పిల్లల పాదములను ఒకసారి కాగితముపై నిలిపి గీతగీచి కొలువుడు. మీ పాదములను గూడ కొలువుడు. మీ యాడపిల్ల గట్టి బూట్లు కావలెనన్నచో "లోకులేమందురు?" అని ముందుగా నడుగక, "వ్రేళ్లు కదలుచున్నవా?" అని యడుగుడు.