రీల్ మీద బ్రెయిడ్ లైన్ ఎన్నాళ్లకోసారి మార్చాలి? పూర్తి వివరాలు

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. రీల్ మీద వేసుకున్న బ్రెయిడ్ లైన్‌ని ఎన్నాళ్లకోసారి మార్చాలి? షాపులో అడిగితే "ఏడాదికోసారి మార్చేయండి సార్" అంటారు. ఒడ్డున గాలం వేసే పాతకాపునెవరినైనా అడిగితే "నాది ఐదేళ్లయింది, ఇంకా నడుస్తోంది" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే ఇద్దరి మాటా మీ రీల్‌కి సరిపోవాలని లేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. మంచి బ్రెయిడ్ కొనాలంటే వెయ్యి రూపాయల నుంచి మూడు నాలుగు వేల దాకా అవుతుంది. బాగున్న లైన్ తీసి పారేస్తే ఆ డబ్బు నీళ్లపాలు. పాడైన లైన్‌నే ఉంచుకుంటే ఇంకో నష్టం. చేప పడ్డాక లైన్ తెగితే మీకు పోయేది ల్యూర్ ఒక్కటే. చేప మాత్రం నోట్లో రెండు మూడు ముళ్ల గాలాలతో, వెనకాల పది మీటర్ల దారంతో తిరగాలి. కాబట్టి లెక్క సరిగ్గా తెలుసుకుందాం.

ముందు షార్ట్ ఆన్సర్ చెప్పేస్తాను, టైమ్ లేనివాళ్లు ఇది విని వెళ్లిపోవచ్చు. నెలకు రెండు మూడు సార్లు చెరువులోనో, నదిలోనో వేటకు వెళ్లేవాళ్లకి మంచి బ్రెయిడ్ రెండు నుంచి నాలుగేళ్లు వస్తుంది. మధ్యలో ఒకసారి లైన్‌ని తిరగేసి చుట్టుకోవాలి, అదెలాగో చెప్తాను. సముద్రంలో, అదీ రాళ్ల మీద నుంచి ప్రతి వారం వేసేవాళ్లయితే ఏడాదికే, ఒక్కోసారి అంతకంటే ముందే అయిపోతుంది. ఇవి అంచనాలు మాత్రమే. అసలు నిర్ణయం లైన్‌ని చూసి తీసుకోవాలి.

ఇప్పుడు ఎందుకో చూద్దాం. నైలాన్ మోనో లైన్‌కి అలవాటుపడినవాళ్లే ఎక్కువగా కన్ఫ్యూజ్ అవుతారు. నైలాన్ నీళ్లు పీలుస్తుంది, ఎండకి పెళుసుగా మారుతుంది, రీల్ మీద ఉండి ఉండి స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. అంటే మీరు వాడినా వాడకపోయినా దానికి వయసు మీద పడుతుంది. అందుకే మోనోని ఆరు నెలలకో, ఏడాదికో మార్చమంటారు. బ్రెయిడ్ అలా కాదు. అది పాలిథిలిన్ పోగుల అల్లిక. మామూలు కవర్ల ప్లాస్టిక్ కుటుంబమే, కానీ అణువుల గొలుసులు చాలా పొడవుగా ఉండి, దారం పొడవునా ఒకే దిశలో సాగదీసి ఉంటాయి. డైనీమా, స్పెక్ట్రా అని మీరు ప్యాకెట్ల మీద చూసేవి ఈ పోగుల బ్రాండ్ పేర్లే. ఈ పోగు నీళ్లు పీల్చదు, కుళ్లదు, ఎండకి నైలాన్ కంటే బాగా తట్టుకుంటుంది. బ్రెయిడ్ తడిసినట్టు అనిపించేది పోగుల మధ్య సందుల్లో నీళ్లు నిలవడం వల్ల.

మరి బ్రెయిడ్ దేనితో చస్తుంది? మూడింటితో: రాపిడి, వేడి, ముడి.

రాపిడి మొదటిది. 4 పాయల లైన్ అయినా 8 పాయల లైన్ అయినా, ఒక్కో పాయలో వెంట్రుక కంటే సన్నటి పోగులు బోలెడు ఉంటాయి. రాయికో, ఆల్చిప్ప అంచుకో తగిలినప్పుడు లైన్ ఒకేసారి తెగదు, పైన ఉన్న పోగులు కొన్ని తెగుతాయి. అవే పీచులా లేచి కనిపిస్తాయి. 8 పాయల లైన్ నున్నగా ఉంటుంది, దూరం పోతుంది. కానీ అంతే మందంలో ఒక్కో పాయ సన్నగా ఉంటుంది కాబట్టి, రాళ్ల దగ్గర 4 పాయల లైన్ కాస్త మొండిగా నిలబడుతుంది.

రెండోది వేడి. ఈ ప్లాస్టిక్ దాదాపు 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పొడి ముడిని గట్టిగా లాగి బిగిస్తే ఆ రాపిడికే అక్కడ పోగులు దెబ్బతింటాయి. అందుకే ముడిని తడిపి, మెల్లగా బిగించమంటాం. మూడోది ముడి. ఏ దారమైనా ముడి దగ్గర బలం తగ్గుతుంది, బ్రెయిడ్ జారుడు దారం కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ లైన్ 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు. రాపిడికి పావు వంతు పోగులు పోయాయనుకుందాం. మిగిలింది 6.75 కిలోలు. ముడి దగ్గర 70 శాతం బలమే మిగిలిందనుకుందాం. ఇప్పుడు 4.7 కిలోలు. మీరు డ్రాగ్ 3 కిలోలకి పెట్టుకున్నారు. ఇంకా 1.7 కిలోల మార్జిన్ ఉందిగా అనిపిస్తుంది. కానీ బ్రెయిడ్ దాదాపు సాగదు. పండుగప్ప నీళ్ల మీదికి ఎగిరి తల విదిల్చినప్పుడు మోనో అయితే సాగి ఆ కుదుపుని మింగుతుంది, బ్రెయిడ్ ఆ కుదుపునంతా ముడి మీదే వేస్తుంది. మార్జిన్ అక్కడ తినేస్తుంది. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే, కానీ కొత్తలో రెండేళ్లు ఏమీ కాని లైన్ ఒకరోజు ఉన్నట్టుండి ఎందుకు తెగుతుందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇప్పుడు చాలామంది పొరబడే విషయం: రంగు. "బ్రో, ఆకుపచ్చ లైన్ తెల్లగా అయిపోయింది, మార్చాలా?" అక్కర్లేదు. పాలిథిలిన్‌కి రంగు లోపలికి పట్టదు. పైన పూసిన పూతలో ఉంటుంది. వాడేకొద్దీ పూత పోతుంది, రంగు పోతుంది, పోగు బలం అలాగే ఉంటుంది. పూత పోయిన లైన్ మెత్తబడి గాలికి చిక్కులు పడటం కాస్త పెరుగుతుంది, అంతే. ఒక్క మినహాయింపు ఉంది. పడవ మీద నుంచి జిగ్గింగ్ చేసేవాళ్లు ప్రతి 10 మీటర్లకీ రంగు మారే లైన్ వాడతారు, ఎంత లోతుకి దిగిందో తెలియడానికి. ఆ రంగులు చెరిగిపోతే బలం ఉన్నా పని జరగదు. అప్పుడు మార్చండి.

సరే, లైన్ చెడిపోయిందో లేదో ఎలా చూడాలి? మూడు పరీక్షలు, ఇంట్లోనే చేయొచ్చు.

ఒకటి, వేలు. మొదటి 30 మీటర్లు బయటికి తీసి, బొటనవేలి గోటికీ చూపుడు వేలికీ మధ్య మెల్లగా జార్చండి. కాస్త నూగు ఉంటే పర్లేదు. ఒకచోట ఉన్నట్టుండి సన్నబడినా, గట్టిగా ప్లాస్టిక్ పుల్లలా తగిలినా, ఒక పాయ ఊడి వేలాడుతున్నా అక్కడికి కత్తిరించేయండి. గట్టిగా మెరుస్తున్న చోటు అంటే వేడికి కరిగిన చోటు.

రెండు, తూకం. నాకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పటి అలవాటు, ఏదైనా ఏ-బీ టెస్ట్ చేస్తేగానీ నమ్మను. లగేజీ తూచే డిజిటల్ తూకం చాలు. లైన్ చివర నుంచి ఒక మీటరు ముక్క, లోపలి వాడని భాగం నుంచి ఒక మీటరు ముక్క తీసుకోండి. రెండింటికీ ఒకే ముడి వేయండి. ఒక చివర తూకానికి, ఇంకో చివర కర్రకి చుట్టి తెగేదాకా లాగండి. ప్యాకెట్ మీద ఉన్న అంకెతో పోల్చకండి, రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి పోల్చండి. ఇలా రెండు మూడు సార్లు చేయండి, ఒక్కసారి ముడి సరిగ్గా పడకపోవచ్చు. బయటి ముక్క లోపలి ముక్క కంటే బాగా తక్కువకి తెగుతుంటే ఆ భాగం పని అయిపోయినట్టే. కళ్లద్దాలు పెట్టుకోండి. లైన్‌ని చేతికి మాత్రం చుట్టుకోకండి, కోసేస్తుంది.

మూడు, రాడ్ రింగులు. కొత్త లైన్ వేసిన నెలకే పీచు లేస్తుంటే తప్పు లైన్‌ది కాకపోవచ్చు. చెవులు శుభ్రం చేసుకునే కాటన్ బడ్‌ని ప్రతి రింగు లోపల తిప్పండి. దూది ఎక్కడైనా పట్టుకుంటే ఆ రింగుకి పగులు ఉంది. రీల్ లైన్ రోలర్ తిరుగుతోందో లేదో కూడా చూడండి. ఇవి సరిచేయకుండా ఎన్ని లైన్లు మార్చినా దండగే.

ఇప్పుడు డబ్బు ఆదా చేసే భాగం. మీ రీల్ మీద 200 మీటర్ల లైన్ ఉందనుకోండి. మీరు విసిరేది ఎంత? 40, 50, మహా అయితే 60 మీటర్లు. మిగతా 140 మీటర్లు ఎండ ముఖం కూడా చూడదు. అంటే పాతబడేది ముందు భాగం ఒక్కటే. అందుకే ప్రతి వేట తర్వాత లీడర్ ముడి నుంచి ఒకటి రెండు మీటర్లు కత్తిరించండి. రాళ్లలో ఇరుక్కుని గట్టిగా లాగాల్సి వస్తే అప్పటికప్పుడే కత్తిరించండి. ఇలా పాతిక ట్రిప్పులు వెళ్తే 50 మీటర్ల వరకు పోతుంది. స్పూల్ అంచు కంటే లైన్ మట్టం నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి దిగితే విసిరే దూరం తగ్గుతుంది, ఎందుకంటే లైన్ అంచుకి రాసుకుంటూ బయటికి రావాలి. అప్పుడు చేయాల్సింది తిరగేయడం. లోపలి కొత్త చివర పైకి, వాడిన చివర అడుక్కి.

ఇక్కడ బీటెక్‌లో చదువుకున్న స్టాక్ గుర్తు తెచ్చుకోండి. పైన ఉన్నది ముందు బయటికొస్తుంది. మీ స్పూల్ నుంచి ఒక ఖాళీ స్పూల్‌కి చుట్టితే వాడిన చివర అడుక్కి పోతుంది, కొత్త చివర పైకొస్తుంది. ఆ ఖాళీ స్పూల్ మీ రీల్‌కి సరిపోయే స్పేర్ స్పూల్ అయితే పని అయిపోయింది. స్పేర్ లేదని ఏదో సీసాకి చుట్టి, మళ్లీ అదే స్పూల్‌కి చుట్టారనుకోండి, రెండుసార్లు తిరగేసినట్టు. మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది! కాబట్టి ఒకసారి లేదా మూడుసార్లు మార్చాలి. స్పూల్ నుంచి మొదటి సీసాకి, దాని నుంచి రెండో సీసాకి, అక్కడి నుంచి స్పూల్‌కి. లేదంటే ఖాళీ గ్రౌండ్‌లో లైన్ మొత్తం పరిచేసి, అవతలి చివర నుంచి చుట్టుకోండి.

చుట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. అడుగున కొన్ని మీటర్లు నైలాన్ వేయండి, లేకపోతే బ్రెయిడ్ నున్నగా ఉండి స్పూల్ మీద మొత్తంగా గిర్రున జారుతుంది. మట్టం తగ్గిన లైన్‌కి ఈ నైలాన్‌నే కాస్త ఎక్కువ వేస్తే మట్టం మళ్లీ సరిపోతుంది. రెండోది, తడిగుడ్డతో లైన్‌ని పట్టుకుని బిగువుగా చుట్టండి. వదులుగా చుట్టిన లైన్‌లోకి పై వరస దిగబడిపోతుంది, పెద్ద చేప లాగినప్పుడు అక్కడే ఇరుక్కుని తెగుతుంది.

ఎవరికి ఎప్పుడు అన్నది ఒక్కసారి చెప్పేస్తాను. చెరువుల్లో నాచు మీద కప్ప ల్యూర్ వేసి కొరమీను పట్టేవాళ్లు మందం లైన్ వాడతారు, కత్తిరిస్తూ పోతే మూడు నాలుగేళ్లు హాయిగా వస్తుంది. గోదావరి, కృష్ణా పాయల్లో, ఉప్పుటేర్లలో పండుగప్పకి వేసేవాళ్లు ఏడాదికోసారి తిరగేయండి, రెండు మూడేళ్లకి మార్చండి. పండుగప్ప మొప్పల అంచు బ్లేడులా ఉంటుంది కాబట్టి లీడర్ మందంగా ఉండాలి, దాన్ని ప్రతి ట్రిప్పుకీ చూసుకోవాలి. విశాఖ వైపు రాళ్ల మీద నుంచి పారలకి వేసేవాళ్లు ఆరు నెలలకోసారి తూకం పరీక్ష చేయండి. పడవ మీద వెళ్లేవాళ్లకి మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకి, మోటారు పడవలకి వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజులూ రీళ్లు విప్పి లైన్ తిరగేసుకోవడానికి బెస్ట్ టైమ్.

ఉప్పునీటి నుంచి వచ్చిన ప్రతిసారీ మామూలు కుళాయి నీళ్లు సన్నధారగా పోసి కడిగి, నీడలో ఆరబెట్టండి. పోగుల మధ్య చేరిన ఇసుక, ఉప్పు గరుకు కాగితంలా పనిచేస్తాయి. ఈ ఒక్క అలవాటుతోనే లైన్ వయసు పెరుగుతుంది, మీ రీల్ బేరింగులూ బతుకుతాయి.

చివరిగా, తీసేసిన లైన్. దయచేసి ఒడ్డున పడేయకండి. కుళ్లకపోవడం రీల్ మీద ఉన్నప్పుడు దాని గొప్పతనం, ఇసుకలో పడ్డాక అదే దాని పాపం. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొంగల కాళ్లకి, కుక్కల కాళ్లకి ఈ దారం చుట్టుకుంటే కండలోకి కోసుకుపోతుంది. జానెడు కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి, ఖాళీ వాటర్ బాటిల్‌లో వేసి మూత పెట్టి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. వేట బ్యాగులో ఒక బాటిల్ దీనికే ఉంచుకోండి.

అంతే ఫ్రెండ్స్. ఈ ఆదివారం వేటకు బయల్దేరే ముందు ఒక్క ఐదు నిమిషాలు మొదటి 30 మీటర్లని గోటి మీద జార్చి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రెయిడ్‌కి లీడర్ కలిపే ఎఫ్‌జీ నాట్ మెల్లగా, స్టెప్ బై స్టెప్ చూపిస్తాను. వీడియో ఉపయోగపడితే మీ వేట బ్యాచ్‌కి షేర్ చేయండి.