ఇది నీకెలా తెలుసు?

మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. కాలిఫోర్నియాలో నాలుగో తరగతి పిల్లలున్న ఇంట్లో “మిషన్ రిపోర్టు” అన్న మాట వినని వాళ్ళుండరు. స్పెయిన్ పాద్రీలు 1769 నుంచి 1823 దాకా ఈ తీరం పొడుగునా 21 మిషన్లు స్థాపించారు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని దాని చరిత్ర రాసుకురమ్మంటారు. మేముండేది ఫ్రీమాంట్‌లో. మిషన్ శాన్ హోసే మా ఇంటికి కారులో పది నిమిషాలు. “ఇదేం బ్రహ్మవిద్య, గంట పని” అనుకున్నాను.

సోమవారం డ్రాఫ్టు ఇవ్వాలన్న సంగతి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బయటపడింది. “నువ్వు చెప్పమ్మా, నేను టైపు చేస్తా” అని మొదలుపెట్టి, పది నిమిషాలు తిరిగేసరికి నేనే చెబుతూ నేనే టైపు చేస్తున్నాను. అది సోఫాలో నిద్రపోయింది. పదకొండింటికల్లా అయిదు పేరాలు, రెండు ఫోటోలు, రంగుల అట్ట. చూసుకుని మురిసిపోయాను కూడా.

గురువారం డ్రాఫ్టు తిరిగొచ్చింది. మార్కులు లేవు. పక్కన మార్జిన్లో నాలుగు చోట్ల పెన్సిలుతో ఒకటే ప్రశ్న: “ఇది నీకెలా తెలుసు?” మా అమ్మాయి నాలుగు చోట్లా నిజాయితీగా ఒకటే జవాబు రాసింది: “మా నాన్న చెప్పాడు.”

ఇరవై ఏళ్ళుగా ఇతరుల కోడ్ రివ్యూ చేస్తున్నవాణ్ణి. నా జీవితంలో ఇంత చిన్న రివ్యూ కామెంటు, ఇంత గట్టిగా తగిలింది ఇంకోటి లేదు. ఆ తరవాత మూడు వారాలు ఇద్దరం కలిసి ఆ రిపోర్టును మొదట్నుంచి చేశాం. మన వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇదే ఆదివారం రాత్రి నడుస్తూ ఉంటుంది కాబట్టి, మాకు పనికొచ్చిన పద్ధతులు మీతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

మూడు శాన్ హోసేలు

ముందు నా తప్పులు. నేను అతికించిన రెండు ఫోటోల్లో ఒకటి అసలు కాలిఫోర్నియాదే కాదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1720లో స్థాపించిన మరో మిషన్ శాన్ హోసే ఉంది. చక్కటి చెక్కడపు కిటికీ కనబడితే ముచ్చటపడి కాపీ చేశాను. ఇక మూడోది శాన్ హోసే నగరం. పేరు ఒకటే అయినా మన మిషన్ ఆ ఊళ్ళో లేదు, ఫ్రీమాంట్‌లో ఉంది. సెర్చి ఇంజనుకు ఈ మూడూ ఒకటే. తేడా తెలియాల్సింది మనకి.

పిల్లలకు నేర్పించాల్సిన మొదటి పాఠం ఇదే. వెతికే పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం, పక్కన ఊరి పేరు చేర్చడం, అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెట్టడం. “మిషన్ శాన్ హోసే” అని కొట్టి, ఫ్రీమాంట్ చేర్చి, టెక్సాస్‌కి మైనస్ పెట్టగానే సగం చెత్త పోయింది. మనకివి వెన్నతో పెట్టిన విద్యలు. తొమ్మిదేళ్ళ పిల్లకు మాత్రం ఇంద్రజాలం.

రెండో ఫోటో సరైన మిషన్‌దే. కింద నేను రాసిన వాక్యం మాత్రం తప్పు: “1797లో కట్టిన చర్చి.” శనివారం పొద్దున్నే స్వయంగా వెళ్ళి చూశాం. అక్కడి మ్యూజియంలో తెలిసిన కథ ఇది. మిషన్‌ను 1797 జూన్ 11న స్థాపించిన మాట నిజమే. వరసలో అది పద్నాలుగోది. మట్టి ఇటుకల పెద్ద చర్చి పూర్తయింది మాత్రం 1809లో. 1868 అక్టోబరు 21న హేవర్డ్ ఫాల్టు మీద వచ్చిన భూకంపానికి అది కూలిపోయింది. దాని స్థానంలో ఒక చెక్క చర్చి కట్టుకున్నారు. 1980లలో ఆ చెక్క చర్చిని వేరే ఊరికి తరలించి, పాతదాని నమూనాలో కొత్తది కట్టారు. అది 1985లో పూర్తయింది. అసలు పాతకాలం నాటిది మిగిలింది పాద్రీలు ఉన్న భవనంలో కొంత భాగం, ఇప్పుడు మ్యూజియం ఉన్నది అందులోనే.

మా అమ్మాయి కాసేపు లెక్కలు వేసుకుని, “నాన్నా, నువ్వెప్పుడు పుట్టావు?” అనడిగింది. చెప్పాను. “అయితే ఈ చర్చి నీకంటే చిన్నది” అంది. ఆ సంగతి అది ఇక జన్మలో మరిచిపోదు. నేనూ మరిచిపోను.

ప్రశ్న చిన్నదవ్వాలి

“మిషన్ చరిత్ర” అనేది పిల్లలకు ప్రశ్న కాదు, సముద్రం. అంత పెద్దది ఇస్తే వాళ్ళు కాపీ కొట్టక ఏం చేస్తారు? ఇదివరకు ఈ ప్రాజెక్టు అంటే పంచదార బిళ్ళలతోనో ఐస్‌క్రీము పుల్లలతోనో బొమ్మ మిషన్ కట్టుకెళ్ళడమే. 2016లో రాష్ట్రం చరిత్ర బోధనకు కొత్త మార్గదర్శకాలు తెచ్చినప్పుడు, అలాంటి బొమ్మల వల్ల పిల్లలకు ఆ కాలం అర్థం కాదనీ, పైగా చాలామందిని నొప్పిస్తాయనీ స్పష్టంగా రాశారు.

మ్యూజియం నుంచి వస్తూ కారులో అడిగాను, “నీకేం తెలుసుకోవాలని ఉంది?” అని. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: “అక్కడ పనిచేసిన వాళ్ళందరికీ అంతకు ముందే ఇళ్ళున్నాయి కదా. మరి వాళ్ళింటికి వాళ్ళు ఎందుకు వెళ్ళిపోలేదు?”

ఇది ప్రశ్న. జవాబు వెతకొచ్చు, అయిదు పేరాల్లో పడుతుంది, పైగా ఆ పిల్లకు నిజంగా కావాలి. ఈ ప్రాంతంలో మొదట్నుంచీ ఉన్నవాళ్ళు ఓలోనీ ప్రజలు. బాప్తిజం తీసుకున్నాక అనుమతి లేకుండా మిషన్ వదిలి వెళ్ళడానికి వీల్లేదు. పారిపోతే సైనికులు వెళ్ళి పట్టుకొచ్చేవాళ్ళు. అయినా వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరు ఎస్తానిస్లావో, యోకుట్స్ జాతివాడు. మిషన్ శాన్ హోసేలో పాద్రీలు ఆయనకు తోటివారి మీద అజమాయిషీ చేసే పదవి ఇచ్చారు. 1820ల చివర్లో సొంత ఊరికి వెళ్ళి తిరిగి రానన్నాడు, వందల మందిని కూడగట్టాడు. 1829లో పంపిన సైనికులు మొదటిసారి ఓడి వెనక్కి వచ్చారు. తరవాత మారియానో వయేహో నాయకత్వంలో ఫిరంగితో మరో దళం వెళ్ళింది. చివరికి ఎస్తానిస్లావో మిషన్‌కే తిరిగి వచ్చాడు, ఆయనకు క్షమాభిక్ష దొరికింది. యోసెమిటీ వెళ్ళేటప్పుడు ఓక్‌డేల్ దగ్గర మనం దాటే స్టానిస్లాస్ నదికి ఆయన పేరే. పది సార్లు దాటాను ఆ వంతెన. ఎప్పుడూ ఆలోచించలేదు.

పాద్రీల డేటాబేసు

టీచరు ఇంకో షరతు పెట్టారు. కనీసం ఒక ఆధారం ఆ కాలం వాళ్ళు స్వయంగా రాసిందై ఉండాలి. ఇక్కడే నాలోని ఇంజనీరుకు పండగ దొరికింది.

దక్షిణ కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ వాళ్ళు మిషన్ల రిజిస్టర్లన్నీ డేటాబేసులోకి ఎక్కించి 2006లో అందరికీ తెరిచారు. 1769 నుంచి 1850 దాకా లక్షకు పైగా బాప్తిజాలు, 28 వేల దాకా వివాహాలు, 71 వేల దాకా ఖననాలు. పాద్రీలు ప్రతి బాప్తిజానికీ ఒక సంఖ్య వేసేవారు. చాలా చోట్ల పెళ్ళి పుస్తకంలోనూ ఖననం పుస్తకంలోనూ ఆ సంఖ్యనే మళ్ళీ రాసేవారు. అంటే ప్రైమరీ కీ, ఫారిన్ కీ అన్నమాట, ఈకల కలాలతో! ఒక పసిపాప ఎప్పుడు వచ్చిందో, ఎవరి బిడ్డో, ఎన్నేళ్ళు బతికిందో సంఖ్య పట్టుకుని వెళ్ళి చూడొచ్చు.

ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఒక బాప్తిజం నుంచి ఖననానికి మధ్య దూరం చాలాసార్లు రెండేళ్ళు, మూడేళ్ళు. 1806లో మీజిల్స్, మనం తట్టు అంటామే, అది బే ఏరియా మిషన్లను ఊడ్చేసింది. మా అమ్మాయి వరసలు చూస్తూ చూస్తూ, “ఇవన్నీ రాసింది పాద్రీలే కదా, వాళ్ళు రాసుకున్నది ఏదీ లేదా?” అంది. ఆధారం ఎవరు రాశారో, ఎవరు రాయలేదో అడగడం చరిత్రలో సగం పని. అది నేను చెప్పకుండానే దానికి తట్టింది.

ఫోటోల కోసమైతే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి కాలిస్ఫియర్ వెబ్‌సైటు చూడండి. రాష్ట్రంలోని లైబ్రరీలు, మ్యూజియంల పాత ఫోటోలు అక్కడ తేదీలతో సహా ఉచితంగా దొరుకుతాయి. వికీపీడియా వద్దని మాత్రం అనకండి. పైన చదివి, కిందనున్న ఆధారాల్లోకి వెళ్ళడం నేర్పండి. అన్నిటికంటే ముందు లైబ్రరీలో పిల్లల విభాగం లైబ్రేరియన్‌ని అడగమనండి, మీరు కాదు, పిల్లలే అడగాలి.

నాలుగు కాలమ్‌ల పట్టిక

మేం వాడిన ఉపకరణం ఒకటే, మామూలు స్ప్రెడ్‌షీటు. నాలుగు కాలమ్‌లు: ఏం తెలిసింది, ఎక్కడ దొరికింది, రాసిందెవరు ఎప్పుడు, ఇంకెవరైనా అదే చెప్పారా. మొదటి కాలమ్‌లో పూర్తి వాక్యం రాయకూడదు, నాలుగైదు ముక్కలే. వాక్యం రాస్తే అది రేపు అలాగే రిపోర్టులోకి వచ్చేస్తుంది. రెండో కాలమ్ ఖాళీగా ఉన్న వరస రిపోర్టులోకి రాకూడదు. నేను ఎంతో ప్రేమగా రాసుకున్న వాక్యాలు మూడు ఈ నియమం కింద ఎగిరిపోయాయి.

అమ్మమ్మ పరీక్ష

“సొంత మాటల్లో రాయి” అని పిల్లలకు చెప్పడం తేలిక. పుస్తకం ఎదురుగా ఉంటే సొంత మాటలు రావు. దీనికి మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. చదివింది చదివినట్టు మూసేసి, విజయవాడలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్ చేసి తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పాలంటే కాపీ కుదరదు. అర్థం కానిది అక్కడికక్కడే బయటపడుతుంది. ఫోను పెట్టేసిన వెంటనే కూర్చుని ఇంగ్లీషులో రాయాలి. నా చేతులు కీబోర్డు మీద పడకూడదు. మూడు రోజులు మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో మిషన్ కథ చెప్పింది, ఆవిడ ఊకొడుతూ విన్నారు.

మూడో రోజు ఆవిడ అడిగారు: “అదంతా సరేనే తల్లీ, వాళ్ళకో భాష ఉండేది కదా, అదిప్పుడు ఎవరైనా మాట్లాడతారా?”

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. పట్టికలో ఆ వరసే లేదు. వెతికాం. ఇక్కడి ఓలోనీల భాష పేరు చోచెన్యో. ధారాళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి 1934లో పోయారు. అయితే 1920లలో జాన్ హారింగ్టన్ అనే భాషావేత్త వచ్చి, మిగిలిన కొద్దిమంది పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మాటలూ పాటలూ కథలూ రాసుకున్నాడు. 2000ల తొలినాళ్ళ నుంచి ముయెక్మా ఓలోనీ ప్రజలు ఆ నోట్సు పట్టుకునే తమ భాషను మళ్ళీ నేర్చుకుంటున్నారు. మా అమ్మాయి ఈ సంగతి అమ్మమ్మకు తెలుగులోనే చెప్పింది. మధ్యలో మాటల కోసం తడుముకుంటే ఆవిడ అందించారు. నేను పక్కగదిలోకి వెళ్ళిపోయాను. రిపోర్టులో చివరి పేరా అదే అయింది.

చాట్‌బాట్ సంగతి

అడుగుతారని తెలుసు. ఒక చాట్‌బాట్‌ని నేనే ప్రయత్నించి చూశాను. అరనిమిషంలో అయిదు పేరాలు, నా ఆదివారం రాత్రి రిపోర్టుకంటే అందంగా. అందులో ఎస్తానిస్లావో అన్నాడంటూ ఒక గొప్ప మాట కూడా ఉంది. ఎంత వెతికినా ఆ మాట ఎక్కడా దొరకలేదు. “నీకెలా తెలుసు?” అని దాన్నే అడిగితే క్షమాపణ చెప్పింది. నాన్న చెప్పినా చాట్‌బాట్ చెప్పినా రెండో కాలమ్ నిండదు. తెలియని స్పానిష్ పదానికి అర్థం అడగడానికి, ఏ మాటలతో వెతికితే మంచిదో తెలుసుకోవడానికి మాత్రం, నేను పక్కన ఉండగా, వాడుకున్నాం.

కొత్త రిపోర్టు నా దానికంటే పొట్టి. రంగుల అట్ట లేదు, రెండు స్పెల్లింగు తప్పులున్నాయి, ముట్టుకోలేదు. ఈసారి మార్జిన్లో ప్రశ్నలు లేవు.

కాకపోతే ఆ పెన్సిలు ఇప్పుడు మా అమ్మాయి చేతికి వచ్చింది. మొన్న మాటల మధ్య, పదిహేనో శతాబ్దంలో నికొలో కోంటి అనే ఇటలీ యాత్రికుడు తెలుగును ప్రాచ్యదేశాల ఇటాలియన్ అన్నాడు తెలుసా, అని గొప్పగా చెప్పాను. స్ప్రెడ్‌షీటు తెరిచి పెట్టింది. మొదటి కాలమ్ నింపాను. రెండోది ఇంకా ఖాళీగానే ఉంది.