పెరటి గుంట నీటికి ఏ వడపోత మేలు?
ఇసుక నేలకు దొరువు, బంకమట్టికి జమ్ము మడి

చిట్టమూరు: ఇల్లు కట్టేటప్పుడు పునాది మెరక చేయడానికి పెరట్లోనే మట్టి తవ్వుకోవడం, ఆ గొయ్యి తర్వాత గుంటగా మిగిలిపోవడం ఈ ప్రాంత గ్రామాల్లో మామూలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు గుంట నిండుతుంది. సంక్రాంతి నాటికి నీరు తేటగా ఉంటుంది. ఉగాది వచ్చేసరికి పచ్చబడుతుంది. రోహిణి కార్తెకు వాసన మొదలవుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

వేసవిలో పశువులకు, బాతులకు, ఇంటి వెనక వంగ మొక్కలకు, బీరపాదుకు ఆ గుంటే ఆధారం. బోరు నీరు ఉప్పగా ఉన్న ఇళ్లకైతే మరో దారే లేదు. అటువంటి నీరు చెడిపోగానే తలా ఒక సలహా చెబుతారు. పటిక కలపమనేవారు ఒకరు, బ్లీచింగ్ పొడి చల్లమనేవారు ఒకరు, పట్నం నుంచి మోటారు ఫిల్టరు తెప్పించమనేవారు మరొకరు. బ్లీచింగ్ చల్లితే ముందుగా చచ్చేవి చేపలే. మోటారు ఫిల్టరు చలువరాతి తొట్టిలో రంగు చేపలు పెంచుకునేవారికి పనికి వస్తుందేమో గాని, ఒండ్రు మట్టి గుంటలో పెడితే వారం తిరక్కుండా పూడుకుపోతుంది.

ఖర్చు తక్కువ పద్ధతులు లేకపోలేదు. అయితే నేల ఏమిటి, నీరు దేనికి అన్న రెండు సంగతులు తేల్చుకోకుండా ఏ పద్ధతి ఎంచుకున్నా డబ్బు దండగే.

పచ్చదనం ఎక్కడిది?

నీరు పచ్చబడటానికి కారణం మట్టి కాదు, కంటికి కనబడనంత సన్నని నాచు. పేడదిబ్బ ఊట, వంటింటి కాలువ, పశువులను కడిగిన నీరు గుంటలోకి దిగితే నత్రజని, భాస్వరం పెరుగుతాయి. పైరుకు ఎరువు వేసినట్టే నాచుకు మేత వేసినట్టవుతుంది. ఎండ ఉన్నంతసేపు ఆ నాచు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రంతా అదే మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారే వేళకు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత చేపలు చచ్చేది కూడా ఈ కారణం చేతనే.

కాబట్టి మొదటి పని వడపోత కాదు. పేడదిబ్బకు, గుంటకు మధ్య అడుగు ఎత్తు కట్ట వేయాలి. వంటింటి కాలువను అరటి పాదుకు మళ్లించాలి. పశువులను ఒడ్డున తొట్టి దగ్గర కడగాలి. ఈ మూడూ చేసిన చోట సగం జబ్బు దానంతట అదే తగ్గుతుంది. ఇవి చేయని గుంటకు ఎంత ఖరీదైన వడపోత పెట్టినా తూము మూయకుండా చెరువు నింపినట్టే.

చిల్లగింజ మాటేమిటి?

చిల్లగింజను, అంటే ఇండుప గింజను, సానరాతి మీద అరగదీసి నీటిలో కలపడం మన పెద్దలు ఎరిగిన పద్ధతి. సుశ్రుత సంహితలో సైతం దీని ప్రస్తావన ఉంది. నీటిలో తేలాడే బంక రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కు దిగుతాయి. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. బిందెడు నీటికి, బానెడు నీటికి ఇది బాగానే ఉంటుంది. గుంటంతటికీ కుదిరే పని కాదు. పైగా నీరు తేరినంత మాత్రాన రోగక్రిములు పోయినట్టు కాదు, తాగే నీరయితే కాచుకోవలసిందే.

ఇసుక నేలలో దొరువు

తూర్పున సముద్రం వైపు ఇసుక నేలలున్న గ్రామాలవారికి వడపోత కట్టుకునే పనే లేదు. నేలే వడపోత. ఇసుకలోకి దిగిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. ఉప్పునీరు కాస్త బరువు కావడం వల్ల, సముద్ర మట్టానికి 1 అడుగు పైన మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుందని లెక్క. తక్కువ లోతున దొరువు తవ్వితే పక్కల నుంచి ఊరే నీరు ఇసుకలో వడకట్టుకునే వస్తుంది. కోస్తాలో రైతులు తరతరాలుగా దొరువులోకి దిగి కడవలతో నారుమళ్లకు నీరు మోసింది ఈ ధైర్యంతోనే. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీన్ని మెరుగుపరచారు. చిల్లుల గొట్టాలకు వల చుట్టి, ఊట మట్టంలో అడ్డంగా పాతి, ఆ నీటిని నడుమ బావిలోకి చేర్చే పద్ధతి తెచ్చారు.

ఇందులో ఆశ పనికిరాదు. పెద్ద మోటారు పెట్టి ఒక్కసారిగా లాగితే పైన మంచినీరు 1 అడుగు తగ్గినందుకు కింద ఉప్పు అనేక అడుగులు పైకి వస్తుంది. రొయ్యల గుంటల పక్కన తవ్విన దొరువుకూ అదే గతి. సేద్యపు భూములను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సంగతి ఇక్కడ గమనార్హం. మరుగుదొడ్డి గుంతకు దొరువు 50 అడుగులకు తక్కువ దూరంలో ఉండరాదు. ఇసుకలో ఇంకా ఎక్కువ దూరం పెట్టుకోవడం క్షేమం.

బంకమట్టిలో జమ్ము మడి

చెరువుల కింది వరి నేలల్లో దొరువు కుదరదు. అక్కడ మొక్కల వడపోత మేలు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు ఉన్న గుంటలో సుమారు 25 వేల లీటర్ల నీరు పడుతుంది. దీనికి గుంట వైశాల్యంలో పదో వంతు నుంచి ఐదో వంతు, అంటే 30 నుంచి 60 చదరపు అడుగుల మడి చాలు. వాననీరు గుంటలోకి దిగే ముఖం దగ్గర 2 అడుగుల లోతు తవ్వి, కడిగిన కంకర నింపి, జమ్ము, తుంగ నాటాలి. వచ్చే నీరు ముందు కంకరలో నడిచి, తర్వాత గుంటలో పడుతుంది. వేసవిలో చిన్న మోటారుతో గుంట నీటినే మడి మీదుగా తిప్పుకోవచ్చు. మోటారు లేనివారు ఉదయం, సాయంత్రం కాసిని బిందెలు పోసినా ఏమీ చేయనిదానికంటే మెరుగే.

రాళ్లకు పట్టిన జిగురులోని సూక్ష్మజీవులు చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. దాన్ని మొక్కలు తింటాయి. ఈ జీవులు కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. పది రోజుల్లో నీరు తేరలేదని కంకర తీసి కడిగేస్తే కథ మళ్లీ మొదటికే. జర్మనీలో కేథే సైడెల్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచి ఇటువంటి మొక్కలతో మురుగును శుభ్రపరిచే ప్రయోగాలు చేశారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా గ్రామాల మురుగునీటిపై ఈ పద్ధతిని నడిపి చూసింది.

గుంట నడుమ కలువ వేస్తే నీడ పడి నాచు తగ్గుతుంది. ఉప్పు తగిలే చోట కలువ, తామర నిలవవు. జమ్ము కొంత ఓర్చుకుంటుంది. ఊదాపువ్వు చూసి ముచ్చటపడి గుర్రపుడెక్కను మాత్రం తేవద్దు. అది నీటిని శుభ్రం చేసే మాట నిజమే. కాని రెండు వారాల్లో రెట్టింపై గుంటను కప్పి, అక్కడి నుంచి ఊరి కాలువకు పాకుతుంది.

తాగడానికైతే

తాగే నీటికి జమ్ము మడి చాలదు. మూడడుగుల సన్న ఇసుక గుండా గంటకు 4 నుంచి 8 అంగుళాల చొప్పున నీటిని మెల్లగా దించే వడపోత కావాలి. లండన్‌లో 1829లోనే దీన్ని కట్టారు. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా సోకి 8 వేలకు పైగా జనం చనిపోయారు. అదే నది నుంచి, అదీ హాంబర్గ్ మురుగు కలిసిన దిగువ నుంచి నీరు తీసుకునే పక్క ఊరు ఆల్టోనా చాలా వరకు బయటపడింది. అక్కడ ఇసుక వడపోత ఉంది. ఇసుక పైన పేరుకునే జిగట పొరే క్రిములను పట్టేది. దాన్ని ఎండనీయరాదు. నీరు దిగడం మరీ మందగిస్తే పైన అంగుళం లోపు మాత్రమే గీకి తీయాలి.

ఇన్ని పద్ధతుల్లో ఏదీ ఉప్పును తీయలేదు. ఇసుకకూ చిక్కదు, జమ్ముకూ చిక్కదు. నీరు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నవారు వడపోతకు పెట్టే డబ్బు ఇంటి కప్పు మీది వాననీటిని తొట్టిలోకి పట్టుకోవడానికి పెట్టడం మంచిది.

జమ్ము మడి వేయదలచినవారు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాటితే ఈశాన్య వానలకు ముందే వేరు పట్టుకుంటుంది. మూడు నాలుగు నెలలకొకసారి జమ్మును కోసి బయటికి తీసివేయాలి. నీటిలోనే కుళ్లనిస్తే తిన్న నత్రజనినంతా తిరిగి గుంటకే అప్పజెబుతుంది. కోసిన జమ్మును గట్టున ఆరబెట్టి పశువుల పాక కప్పుకు వాడుకోవచ్చు.