తిరుమల మెట్లెక్కితే కాళ్ళ నొప్పులా? ఇలా చేయండి

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో రోజంతా కూర్చునే నేను, ప్రాక్టీస్ లేకుండా ఎక్కేశాను. మోకాళ్ళ పర్వతం దగ్గర పిక్కలు పట్టేశాయి. కాసేపు ఆగి, నీళ్ళు తాగి, మెల్లగా సాగదీస్తే తగ్గింది.

అసలు దెబ్బ దిగేటప్పుడు తగిలింది. దిగుతుంటే ప్రతి మెట్టుకీ ఒళ్ళు బరువంతా తొడ కండరాలు, మోకాళ్ళే ఆపాలి. నా కుడి మోకాలు వాచింది. వేడినీళ్ళు పోస్తే ఇంకా పెరిగింది. కొత్త వాపుకి గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టాలి, 15 నిమిషాలు చాలు. బొబ్బలు చిదమొద్దు, ప్లాస్టర్ వేయండి. కాలు మోపలేకపోతే మాత్రం నడక ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

మొక్కు ఎక్కడానికే కదండీ! దిగేటప్పుడు బస్సెక్కితే స్వామి ఏమీ అనుకోడు.