పాత ఓడలో కాపురం

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



రైలు ప్రయాణమంటే ఏమేమి సర్దుకోవాలో మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఓడ ప్రయాణమనేసరికి పెద్దవాళ్ళం కూడా తెల్లమొహం వేస్తాం. నిజానికి మనమేమీ సముద్రానికి దూరపువాళ్ళం కాము. కూచిపూడి నుంచి బందరు ఎంత దూరమని! బందరు అనే మాటకే రేవు అని అర్థం. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకం పెట్టుకున్నారు. అయితే కృష్ణమ్మ తెచ్చిపోసే ఒండ్రు వల్ల ఒడ్డున లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసి నిలబడితే, సరుకులూ మనుషులూ పడవల మీద పోయి ఎక్కవలసి వచ్చేది. క్రమంగా రాకపోకలు మద్రాసుకూ విశాఖపట్నానికీ మళ్ళాయి. అలా ఓడ మన కంటికి దూరమైంది.

ఇప్పుడు మళ్ళీ ఓడ మాట వినబడుతున్నది. విశాఖపట్నం నుంచి అండమాన్ దీవులకు ప్రయాణికుల ఓడ వెళుతుంది. రెండు మూడు రోజుల ప్రయాణం. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2022లో విహారపు ఓడ కూడా విశాఖ రేవుకు వచ్చింది. "అమ్మా, నువ్వూ నాన్నగారూ ఒకసారి వెళ్ళిరండి" అని పిల్లలు అంటున్నారు. వెంటనే మనం అడిగే ప్రశ్న ఒకటే: "ఓడ పెద్దదేనా? కొత్తదేనా?"

అడగవలసిందే. కాని ఆ ఒక్క ప్రశ్నతో సరిపోదు. ఓడలో మనిషి సుఖం నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది: నీళ్ళు, చోటు, గాలి, ఆపద వేళ బయటపడే దారి. ఇవి ఎవరికి ఎంత అందాయన్నదే ఓడ ప్రయాణాల చరిత్ర అంతా. మనవాళ్ళు తరాల తరబడి ఎక్కిన ఒక ఓడను తీసుకుని ఆ సంగతి చెబుతాను.

దాని పేరు రాజులా. 1926లో గ్లాస్గోలో బ్రిటిష్ ఇండియా కంపెనీవారి కోసం కట్టారు. మద్రాసులో బయలుదేరి, నాగపట్టణంలో ఆగి, పినాంగు మీదుగా సింగపూరు చేరేది. పరిమాణం సుమారు 8,500 టన్నులు. ఇక్కడ టన్ను అంటే బరువు అనుకోకండి. ఓడ లోపల ఉన్న చోటుకు అది కొలత. ఆ రోజుల లెక్కలో నూరు ఘనపుటడుగులు ఒక టన్ను. 2024లో నీట తిరగడం మొదలుపెట్టిన అమెరికా కంపెనీ విహారపు ఓడ ఒకటి 2,48,000 టన్నుల పైమాట. దాని పక్కన రాజులా పెద్ద మేడ పక్కన వంటపాక. అటువంటి ఓడ మీద మొదట్లో 5,000 మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి ఉండేది!

ఆ ఐదువేల మంది ఎవరు? ఎక్కువమంది మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళు. వారిలో మన తెలుగు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. 1938లో భారత ప్రభుత్వం తోటకూలీలను అలా పంపడం ఆపించింది. ఆ తర్వాత కూడా అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు పెళ్ళిళ్ళకని, పురుళ్ళకని, చావులకని ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాయి. అంతకు ముందు నుంచే కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచేవి. ఉత్తరాది జిల్లాలలో "రంగం పోవడం" అనేవారు. అటు పోయినవారిలో మగవాళ్ళే బహుళం. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాక, ఓడలో చోటు దొరకనివాళ్ళు వేలకు వేలు అడవుల వెంట, కొండల వెంట నడిచి దేశం చేరవలసి వచ్చింది. దారిలో రాలిపోయినవారు ఎందరో. ఓడలో చాపెడు చోటు విలువ ఎంతటిదో ఆ ఇళ్ళవాళ్ళకు తెలుసు.

ఇక నాలుగింటిలో మొదటిది నీళ్ళు. చుట్టూ నీళ్ళే, నోట పోసుకోవడానికి చుక్క పనికిరాదు. పాత ఓడలు రేవులోనే మంచినీళ్ళు అడుగు ట్యాంకులలో నింపుకుని బయలుదేరేవి. ట్యాంకు ఎంతో, వాడకం అంతే. అందుకని మంచినీళ్ళను వేళల ప్రకారం విడిచిపెట్టి, స్నానానికి సముద్రపు నీళ్ళు ఇచ్చే పద్ధతి ఉండేది. ఉప్పునీళ్ళలో మామూలు సబ్బు నురగ రాదు, విరిగి తెట్టెలా తేలుతుంది. ఆ నీళ్ళలోని సున్నపు, మెగ్నీషియం లవణాలే అందుకు కారణం. కొబ్బరినూనెతో చేసిన సబ్బు కొంత నయం. నావికుల సబ్బు అందుకే కొబ్బరినూనెతో చేసేవారు. తర్వాత తర్వాత ఇంజను వేడితోనే సముద్రపు నీటిని ఆవిరి చేసి, చల్లార్చి మంచినీళ్ళు పట్టే యంత్రాలు వచ్చాయి. లోపలి గాలి తోడేసి ఒత్తిడి తగ్గిస్తే నీరు తక్కువ వేడికే మరుగుతుంది, అదీ అందులో కిటుకు. ఇప్పుడు సన్నని పొరలగుండా నీటిని గట్టిగా నెట్టి ఉప్పును వడగట్టే పద్ధతి కూడా ఉంది. అయినా చిన్న ఓడలో యంత్రం పాడైతే పొదుపు తప్పదు. బిందె నీళ్ళతో ఇల్లు గడుపుకొచ్చిన మనకు వేరే చెప్పాలా!

రెండవది చోటు. రాజులాలో పైతరగతివారికి కేబిన్లు, మంచాలు. మిగతావారికి డెక్కు మీద ఎవరి చాప వారిది. కింద ఇనుము, పైన గుడ్డ పందిరి. ఆ చాపెడు చోటులోనే పిల్లలు, పెట్టె, మూట, నీళ్ళచెంబు. పరాయి మగవాళ్ళ నడుమ సుమారు వారం రోజులు చీర మార్చుకోవడం, చంటిబిడ్డకు పాలివ్వడం ఆడవాళ్ళకు ఎంత యాతనో మీరే ఊహించుకోండి. మంచం లేకుండా డెక్కు మీద పోయేవారి కోసం 1931లో సిమ్లాలో దేశాలు కూర్చుని నియమాలు చేసుకున్నాయి. 1971లో ఇటువంటి ఓడలకు వేరే ఒప్పందం, 1973లో మనిషికి ఇవ్వవలసిన చోటు గురించి మరొకటి జరిగాయి. రాజులాలో కూడా రానురాను డెక్కు ప్రయాణికుల సంఖ్యను బాగా తగ్గించారు.

దిగిన తర్వాత కూడా తేడా పోలేదు. మశూచి, కలరా భయంతో డెక్కు ప్రయాణికులను పినాంగు దగ్గర జెరెజాక్ దీవిలోనూ, సింగపూరు దగ్గర సెయింట్ జాన్స్ దీవిలోనూ దించి కొన్నాళ్ళు విడిగా ఉంచేవారు. రోగానికి తరగతి తెలియదు గాని, నిర్బంధానికి తెలుసు.

మూడవది గాలి. పాత ఓడలలో కింది అంతస్తులు ఉక్క పొయ్యిలు. సముద్రం పొంగితే గుండ్రటి కిటికీలు మూసేస్తారు, ఉన్న గాలీ ఆగిపోతుంది. అప్పుడే కడుపులో తిప్పడం మొదలు. ఎందుకలా? మన చెవి లోపల తూకం చూసే భాగమొకటి ఉంది. ఒళ్ళు ఊగుతున్నదని అది చెబుతుంది. కళ్ళేమో గది గోడ కదలడం లేదు పొమ్మంటాయి. రెండు సాక్ష్యాలూ పొసగక వాంతి వస్తుంది. అందుకని కేబిన్లో ముడుచుకుని పడుకోకుండా పైకి వచ్చి, దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీతను చూస్తూ కూర్చోవాలి. అప్పుడు కళ్ళూ చెవీ ఒక మాటకు వస్తాయి. ఓడ ముందూ వెనకా ఉయ్యాలకొసల్లా ఎక్కి దిగుతాయి, నడిమి భాగం తక్కువ కదులుతుంది. టిక్కెట్టు తీసుకునేటప్పుడే నడిమి భాగంలో, కింది వరసలో చోటు అడగండి. కడుపు ఖాళీగా ఉంచవద్దు, నిండా తినవద్దు. మరమరాలు, అటుకులు, అల్లం ముక్క దగ్గర ఉంచుకోండి. మాత్ర వేసుకునేవాళ్ళు ఓడ కదలక ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు.

కొత్త విహారపు ఓడలకు నీటి లోపల చేప రెక్కల్లాంటివి అమరుస్తారు. అవి ఒరుగుడు తగ్గిస్తాయి. చాలా పాత చిన్న ఓడలకు అవి ఉండవు. కాబట్టి కాలం చూసుకుని వెళ్ళాలి. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ ఏప్రిల్ చివర, మే నెలలలో వాయుగుండాల భయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలుల కెరటాలు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం సాధారణంగా నెమ్మది.

తిండి సంగతి అడగరేం అనుకుంటున్నాను. పాత ఓడలలో డెక్కువారికి హిందువుల వంట, ముస్లిముల వంట వేరుగా ఉండేవి. దూరప్రయాణపు ఓడలో సరుకు వాడే వరస మన ఇంటి వరసే. ఆకుకూరలు ముందు, ఆపైన కాయకూరలు, చివరకు బంగాళాదుంప, ఉల్లి, పప్పు. మంచుగదులు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. అయినా చిన్న ఓడలో గది చిన్నదే కదా, తర్వాతి రేవు చేరేదాకా ఉన్నదానితోనే సరిపెట్టాలి.

మరి ఇన్ని ఇబ్బందులుంటే పాత చిన్న ఓడలను కోరి ఎక్కేవాళ్ళుంటారా? ఉన్నారు. మార్కో పోలో అనే ఓడ సంగతి చూడండి. 1965లో తూర్పు జర్మనీలో సోవియట్ దేశం కోసం, అలెగ్జాండర్ పుష్కిన్ పేరుతో కట్టారు. మంచుముక్కలకు ఆగేటట్టు అడుగు గట్టిది. 1993 నుంచి మార్కో పోలో పేరుతో విహారపు ఓడగా దూరదేశాలు తిరిగింది. ఇటువంటి ఓడలో నాలుగు రోజులకు అందరి ముఖాలూ తెలుస్తాయి. ఎవరు టీలో పంచదార వేసుకోరో వడ్డించేవాడికి గుర్తుంటుంది. పెద్ద ఓడ దూరని రేవులోకి ఇది దూరుతుంది. వయసు మళ్ళినవాళ్ళకు నడక తక్కువ, పలకరింపు ఎక్కువ. వాటి కోసమే ఇరుకు కేబిన్లు, అప్పుడప్పుడు ఆగే లిఫ్టు ఓర్చుకునేవారు. 2020లో మహమ్మారి వచ్చి కంపెనీ మూతపడింది. 2021లో ఆ ఓడ మన గుజరాత్‌లోని అలంగు తీరంలో ముక్కలు కావడానికి చేరింది.

ఇక నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటపడే దారి. నీటి మీద ఉన్నవాళ్ళకు నీటికన్నా నిప్పు ఎక్కువ భయం. పాత ఓడలలో లోపలి గోడలకు చెక్క విరివిగా వాడేవారు. రాజులాను 1973లో మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని రంగత్ అని పేరు పెట్టింది. 1974లో బొంబాయిలో విప్పేశారు. సింగపూరు దారిలో అప్పటికే చిదంబరం అనే ఓడ తిరుగుతున్నది. 1966లో ఫ్రెంచివారు కట్టుకున్న దానిని 1972లో మనవాళ్ళు కొన్నారు. 1985 ఫిబ్రవరిలో నడిసముద్రంలో దానికి నిప్పంటుకుని పదులమంది చనిపోయారు. దానితో ఆ ఓడ నడక ముగిసింది.

ఓడల నియమాలన్నీ ఇలా ఎవరో ఒకరి ప్రాణం పోయాక వచ్చినవే. 1912లో టైటానిక్ మునిగాక 1914లో మొదటి అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. సులువుగా అంటుకునే సామగ్రితో కట్టిన ప్రయాణికుల ఓడలు దేశాల మధ్య తిరగరాదన్న నియమం 2010 అక్టోబరు నుంచి పూర్తిగా అమలయింది. ఎన్నో అందమైన పాత ఓడలు అప్పుడే మూలపడ్డాయి. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయాక, ఓడ కదలక ముందు గాని, కదిలిన వెంటనే గాని ప్రయాణికులందరికీ ఆపద వేళ ఏం చేయాలో చేయించి చూపాలని 2015 నుంచి కట్టుదిట్టం చేశారు.

ఆ పిలుపు వచ్చినప్పుడు మన ఆడవాళ్ళం చేసే పని ఏమిటో తెలుసా? "మీరు వెళ్ళి చూసిరండి, నేను సామాను దగ్గర ఉంటాను" అంటాం. ఆ మాట అనకండి. సామాను కాపలా కోసం మనం ఓడ ఎక్కలేదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినబడితే ఆపద గుర్తు. ఆ రాత్రి దీపాలు ఆరిపోతే భర్త చెప్పిన గుర్తులు అక్కరకు రావు; మన కాళ్ళు నడిచిన దారే మనకు తెలుస్తుంది. అందుకని ఎక్కిన మొదటి గంటలో రెండు పనులు చేయండి. మీ లైఫ్ జాకెట్టు ఎక్కడుందో చూసి, చీర మీద నుంచి ఒకసారి కట్టుకుని చూసుకోండి. కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయేమో అప్పుడే తెలుస్తుంది. తర్వాత మీ చోటు నుంచి పై డెక్కుకు ఉన్న రెండు దారులూ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి రండి. ముసలి అత్తగారు వెంట ఉంటే ఆవిడను కూడా చెయ్యి పట్టుకుని నడిపించండి. పులిహోర పొట్లం ఆ తర్వాత విప్పుకోవచ్చు.