దొరల గడీ నుంచి నవలలోకి

దాశరథి రంగాచార్య 1928లో ఓరుగల్లు ప్రాంతంలోని చిన్నగూడూరులో పుట్టారు. కవి దాశరథి కృష్ణమాచార్య ఆయన అన్న. నిజాం పాలనను ఎదిరించిన తెలంగాణ పోరాటంలో రంగాచార్య పాల్గొన్నారు. ఆ అనుభవమే తరువాత నవలలకు ముడిసరుకైంది. తెలంగాణ చరిత్రను వరుసగా నవలల్లో చెప్పాలని రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి తలపెట్టారు. 1961లో ఆయన మరణించాక ఆ పని రంగాచార్య భుజాన పడింది. ఆయన నవల ‘చిల్లర దేవుళ్లు’లో దొర, అతని కోటలాంటి ఇల్లు గడీ, కరణం, వెట్టిచాకిరీ కనిపిస్తాయి. రాజులకు బదులు ఊరే కథానాయకుడు కావడం, పాత్రలు తెలంగాణ పలుకుబడిలోనే మాట్లాడడం ఈ నవల అసలు బలం. తరువాత ఇది సినిమాగా వచ్చింది. ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలు ఆ చరిత్రను ముందుకు నడిపాయి. ‘జీవనయానం’ ఆయన ఆత్మకథ. వామపక్ష భావాలున్న ఈ రచయితే నాలుగు వేదాలనూ తెలుగు చేశారు! 2015 జూన్‌లో కన్నుమూశారు.